పండుగ విందులో సులభమైన ఆదరువులు

పండుగ అనగానే కొత్త బట్టలు, ప్రార్థనలు, బంధుమిత్రుల రాకపోకలు, ఆపై విందు భోజనం మనకు జ్ఞాపకం వస్తాయి. ఆ భోజనాన్ని గురించి మాట్లాడుకునేటప్పుడు బిర్యానీ ఎలా కుదిరింది, పులిహోర ఎలా కుదిరింది అని అడుగుతామే గాని, వండినవారు ఎప్పుడు తిన్నారని అడగము. మా తరగతిలో ఉర్దూ మాతృభాషగా గలవారమూ, తెలుగు మాతృభాషగా గలవారమూ కొందరం కలిసి ఒకనాడు ఈ ప్రశ్ననే ఒకరినొకరం అడిగి చూచుకున్నాము. ఒకరి అమ్మీ రంజాన్ పండుగనాడు మధ్యాహ్నం మూడున్నర గంటలకు దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నదట. మరొకరి అమ్మ ఉగాదినాడు అందరి తర్వాత, గిన్నె అడుగున మిగిలిన పప్పుతో, వంటింట్లో నిలబడే నాలుగు ముద్దలు తిన్నదట. తక్కినవారి జవాబులు కూడా ఇంచుమించు ఇవే.

ఆ మూడున్నర గంటల ఆలస్యానికి కారణమేమని మేము కొంచెం లోతుగా విచారించాము. ఆ ఇంట బిర్యానీ పన్నెండు గంటలకే దమ్ము మీదికి వచ్చి ఉన్నది. ఆలస్యం చేసినవి దాని ప్రక్కన ఉండవలసిన చిన్న చిన్న పదార్థాలు. ఉల్లిపాయలు తరగాలి, పెరుగు చిలకాలి, పుదీనా నూరాలి, వంకాయలు వేయించాలి. ఇవన్నీ చివరి గంటకే మిగిలాయి. ఒక్క మనిషి చేతికే మిగిలాయి. అదే సమయంలో ఆ ఇంట చదువుకున్న పిల్లలు నలుగురు వాకిట్లో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. వారిలో ఈ వ్యాసం వ్రాస్తున్న మాలో ఒకరు కూడా ఉన్నారని ఒప్పుకొనక తప్పదు.

కాబట్టి ఈ వ్యాసంలో పెద్ద వంటల జోలికి పోకుండా, వాటి ప్రక్కన నిలిచే సులభమైన పదార్థాలను గురించి, వాటిని ఎవరు ఎప్పుడు చేయవలెనన్న విషయాన్ని గురించి మాత్రమే ముచ్చటించదలచాము.

ఆదరువు అను మాట

అన్నంలోకి కలుపుకొనుటకో, నంజుకొనుటకో వాడే కూర, పచ్చడి, పులుసు మొదలైనవాటికి తెలుగులో ఆదరువు అని చక్కని మాట ఉన్నది. ఆ మాటకే ఆసరా, ఆశ్రయము అని కూడా అర్థం. ఆదరువు లేనివాడు అంటే దిక్కులేనివాడు. అన్నానికి ఆసరాగా నిలిచేది ఆదరువు. అయితే అన్నానికి ఆసరా అయిన ఆ పదార్థం వండే మనిషికి భారమైపోతే, ఆ మాటలోని సగం అర్థాన్ని మనం పోగొట్టుకున్నట్లే.

సులభము అనగా నేమి?

ఒక వంటకం సులభమా, కష్టమా అని తేల్చుటకు మేము మూడు ప్రశ్నలు పెట్టుకున్నాము. మొదటిది, దీనికి పొయ్యి కావలెనా? పండుగనాడు ఇంట్లో ఉండే రెండు పొయ్యిలూ పెద్ద వంటకే సరిపోతాయి. రెండవది, దీనిని ముందుగా చేసి ఉంచవచ్చునా? మూడవది, వంట రానివారు కూడా చేయగలరా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికైనా మనకు అనుకూలమైన జవాబు వచ్చినచో ఆ పదార్థం సులభమైనదే. ఈ కొలత ప్రకారం మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఆదరువులను నాలుగు తరగతులుగా విభజించవచ్చును.

1. పొయ్యి అక్కరలేనివి

పొయ్యి వెలిగించకుండా పండుగ పదార్థం చేయడం మనకు కొత్త కాదు. ఉగాది పచ్చడిని చూడండి. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం కలిపితే చాలు. శ్రీరామనవమికి చేసే వడపప్పు, పానకం కూడా అటువంటివే. సంవత్సరంలో ముఖ్యమైన పండుగ పదార్థాలే నిప్పు లేకుండా తయారవుతుండగా, మన విందు ఆదరువులకు మాత్రం నిప్పు తప్పనిసరి అనుకోనక్కరలేదు.

ఈ తరగతిలో మొదట చెప్పదగినది పెరుగు చట్నీ. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీనిని దహీ కీ చట్నీ అంటారు. పదిమందికి ఒక లీటరు గట్టి పెరుగు, మధ్యరకం ఉల్లిపాయలు 4, పచ్చిమిరపకాయలు 4, గుప్పెడు కొత్తిమీర, తగినంత ఉప్పు చాలును. ఇంత చిన్న పదార్థంలో కూడా శాస్త్రం ఉన్నది. ఉల్లిపాయను కోసినప్పుడు దానిలోని గంధక సమ్మేళనాలు మార్పు చెంది ఘాటు పుడుతుంది. సన్నగా తరిగిన ముక్కలను చల్లని మంచినీటిలో రెండుసార్లు కడిగి పిండితే ఆ ఘాటు చాలవరకు పోతుంది. ఇక ఉప్పు విషయం. ఉప్పు తగలగానే ఉల్లిపాయ ముక్కల్లోని నీరు బయటికి వస్తుంది. తరగతిలో మనం ద్రవాభిసరణం అని చదువుకున్నది ఇదే. పొద్దున్నే ఉప్పు వేసి కలిపి ఉంచిన పెరుగు చట్నీ మధ్యాహ్నానికి మజ్జిగవలె పలుచబడిపోవుటకు కారణం కూడా ఇదే. కావున ముక్కలు వేరుగా, పెరుగు వేరుగా ఉంచుకొని, అందరూ కూర్చునేటప్పుడు మాత్రమే ఉప్పు వేసి కలపవలెను.

పెరుగును ముందురోజు రాత్రి ఇంట్లోనే తోడు పెట్టుకొనుట మంచిది. కాచిన పాలు వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయవలెను. అంతకంటె వేడిగా ఉంటే తోడులోని సూక్ష్మజీవులు నశిస్తాయి. చల్లారిపోతే అవి మందగిస్తాయి. గేదె పాలలో వెన్న ఎక్కువ కనుక పెరుగు గట్టిగా తోడుకొంటుంది.

రెండవది కోసంబరి. మన జిల్లాలకు ఒకవైపు కర్ణాటక, మరొకవైపు తమిళనాడు ఉండుటవలన ఈ పదార్థం మన ఇళ్లలో బాగా అలవాటైనది. పెసరపప్పు 200 గ్రాములు రెండు గంటలు నానబెట్టి, నీరు వంచి, రెండు కీర దోసకాయల ముక్కలు, ఒక మామిడికాయ తురుము, చిప్పెడు కొబ్బరి తురుము, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కలుపుతారు. మామిడి దొరకని కాలంలో నిమ్మరసం వాడవచ్చును. తోతాపురి కాయను మన పల్లెల్లో బెంగుళూరా అని కూడా అంటారు. అందులో పులుపు మితంగా ఉండి, కొరికితే కరకరలాడుతుంది కనుక పచ్చిగా తినుటకు అది తగినది. కోసంబరిలో పప్పు లేకుండా ఉల్లిపాయ, టమోటా, దోసకాయ, నిమ్మరసం మాత్రమే ఉంటే అది ఇంచుమించు కచుంబర్ అవుతుంది. ఒక ఇంట ఒక పేరు, ఇంకొక ఇంట ఇంకొక పేరు. తరిగే కత్తిపీట మాత్రం ఒక్కటే.

మూడవది పచ్చిపులుసు. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, లీటరు నీరు చేర్చి, సన్నని ఉల్లిపాయ ముక్కలు, కాల్చి నలిపిన ఎండుమిరపకాయలు 4, చిన్న బెల్లం ముక్క, ఉప్పు, కొత్తిమీర కలిపితే పులుసు సిద్ధం. మరిగించే పని లేదు. పులగంలోకి, పప్పన్నంలోకి ఇది చక్కగా కుదురుతుంది.

2. ముందుగా చేసి ఉంచదగినవి

రాయలసీమ పేరు చెప్పగానే రాగిసంగటి, దానితో శెనక్కాయల ఊరుబిండి గుర్తుకు వస్తాయి. దీనిని పేదల తిండి అని పండుగనాడు ప్రక్కకు నెట్టడం మాకు సబబుగా తోచలేదు. నూరు గ్రాముల వేరుశెనగ గింజల్లో ఇంచుమించు 25 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. పాపు కిలో గింజలు దోరగా వేయించి పొట్టు తీసి ఉంచుకోవలెను. ఈ పని వారం ముందే చేయవచ్చును. పండుగ ఉదయం వేయించిన మిరపకాయలు 8, చింతపండు కొంచెం, వెల్లుల్లి రేకలు 6, ఉప్పు చేర్చి రోట్లో బరకగా నూరి, చివర ఒక ఉల్లిపాయ వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు. మిక్సీలో వేసేవారు ఆపి ఆపి త్రిప్పవలెను. మెత్తని పిండి అయిపోతే అది ఊరుబిండి కానేరదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవలెను. ఈ వేరుశెనగ, మిరప, టమోటా మూడూ అమెరికా ఖండాల నుండి సముద్రం దాటి వచ్చినవే. ఐరోపావారి ఓడలు ఆ ఖండాలకు చేరకముందు మన దేశంలో వీటి పేరు ఎరిగినవారు లేరు. నేడు మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమంతటా ప్రసిద్ధి కెక్కినది. ఇది మా వంట, అది మీ వంట అని గట్టిగా వాదించుకునేవారు ఈ సంగతిని ఒకసారి తలచుకొనుట మంచిది.

పుదీనా చట్నీ కూడా ఈ తరగతిలోనిదే. ఒక కట్ట పుదీనా, సగం కట్ట కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, ఉప్పు నూరి నిమ్మరసం పిండవలెను. గాలి తగిలి ఆకు నల్లబడకుండా నిమ్మరసం కొంతసేపు కాపాడుతుంది.

బిర్యానీకి వంకాయ తోడు మన ప్రాంతంలో ఒక ఆచారం వంటిది. చిత్తూరుకు పొరుగున ఉన్న వేలూరు, ఆంబూరు ప్రాంతాల బిర్యానీతో వడ్డించేది కూడా పుల్లని వంకాయ కూర, ఉల్లిపాయ పెరుగు చట్నీ. కిలో లేత వంకాయలకు 100 గ్రాముల వేరుశెనగలు, 50 గ్రాముల నువ్వులు వేయించి నూరిన ముద్ద, చింతపండు పులుసు కావాలి. ఇది కొంత శ్రమతో కూడినదే. అయితే ముందురోజు సాయంకాలం చేసినచో, రాత్రంతా పులుపు, కారం వంకాయలోకి దిగి మరునాటికి రుచి పెరుగుతుంది. శ్రమ తగ్గకపోయినా, ఆ శ్రమ పండుగ ఉదయం నుండి తప్పుకొంటుంది. ఫ్రిజ్ లేని ఇంట కొబ్బరి వేయకుండా చేసి, మరునాడు బాగా మరిగేటట్లు వేడి చేయవలెను.

3. కాపలా అక్కరలేనిది

దాల్చాకు పొయ్యి కావలెను గాని, ప్రక్కన నిలబడే మనిషి అక్కరలేదు. పావు కిలో శనగపప్పు ముందురోజు రాత్రి నానబెట్టి, ఉదయం అర కిలో సొరకాయ ముక్కలు, టమోటాలు 4, అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు వేసి కుక్కరులో పెట్టవలెను. పప్పు మెత్తబడిన తర్వాత చింతపండు పులుసు పోసి, పుదీనా, కొత్తిమీర వేసి మరిగించి దించవలెను. పులుసును మొదటనే పోస్తే పప్పు త్వరగా ఉడకదు. ఈ ఒక్క సంగతి తెలియక గంటసేపు గ్యాసు వృథా చేసిన అనుభవం మాకు ఉన్నది.

దాల్చాలో మాంసపు ఎముకలు వేయుట వాడుక. కాని ఎముకలు లేకుండా చేసినా రుచికి లోటు ఉండదు. ఇందువల్ల ఇంకొక మేలు కలదు. మాంసం తినని స్నేహితుడు పండుగకు మన ఇంటికి వచ్చినప్పుడు అతనికి అరటిపండు, సేమియా మాత్రమే పెట్టి పంపించే అవస్థ తప్పుతుంది. తెల్ల అన్నం, దాల్చా, పెరుగు చట్నీ, ఊరుబిండి, కోసంబరి ఉంటే అతడు అందరితోపాటు కూర్చుని కడుపునిండా భోజనం చేస్తాడు. గరిటెలు, గిన్నెలు వేరుగా ఉంచుట మర్యాద. ఆ మాట వచ్చిన అతిథి అడగకముందే మనం చెప్పుట ఇంకా మర్యాద.

4. పదిమంది చేతిపని

సంక్రాంతి రోజుల్లో మన చిత్తూరు సీమ ఇళ్లలో పితికిపప్పు కూర చేస్తారు. అనపకాయలు వలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజను బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ పెట్టి పితికితే పొట్టు ఊడి లోపలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఒక్కరే కూర్చుని రెండు కిలోల గింజలు పితకడం శిక్ష వంటిది. కాని ఆ పనిని ఎవరూ ఒక్కరే చేయరు. తాత, మనుమలు, అత్త, కోడలు, ప్రక్క ఇంటివారు గిన్నె చుట్టూ కూర్చుంటారు. మాటల్లో పడి పని జరిగిన సంగతే తెలియదు.

మేము ముందు చెప్పిన మూడు ప్రశ్నల ప్రకారం పితికిపప్పు కష్టమైన వంటకమే. అయినా దానిని కష్టమని ఎవరూ అనరు. ఇందులో ఒక గొప్ప పాఠం ఉన్నది. పని బరువు పనిలో ఎంత ఉన్నదో, దానిని ఎత్తే చేతుల సంఖ్యలో కూడా అంత ఉన్నది. పితికిపప్పుకు పాటించే ఈ ధర్మాన్ని పెరుగు చట్నీకి, కోసంబరికి ఎందుకు పాటించరాదు?

కాలక్రమం

రంజాన్ పండుగకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. బక్రీదు తేదీ నెలవంక కనిపించిన పది రోజులకు గాని రాదు కనుక తీరికగా సిద్ధపడవచ్చును. రంజాన్ పండుగ మాత్రం రేపా, ఎల్లుండా అన్నది ముందురోజు సాయంకాలం చంద్రదర్శనం వరకు తేలదు. పైగా చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు పొట్టి అగుటవలన ఈ పండుగలు సుమారు 33 ఏండ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తాయి. కావున మామిడి, అనప వంటి కాలపు పంటలను బట్టి ఆదరువులు మార్చుకోవలెను. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, రంజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చాయి. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ ఆ మరునాడు మార్చి 31న వచ్చాయి. ఒకే వారంలో, ఒకే బజారులో రెండు ఇళ్లవారూ ఒకే మామిడికాయను బేరమాడిన సంవత్సరాలవి.

మేము అనుసరించి చూచిన క్రమం ఇది:

వారం ముందు: వేరుశెనగలు, నువ్వులు వేయించుట, చింతపండులో గింజలు, పీచు తీయుట.

ముందురోజు సాయంకాలం: వంకాయ కూర వండుట, వెల్లుల్లి ఒలుచుట.

ముందురోజు రాత్రి: పాలు తోడు పెట్టుట, శనగపప్పు నానబెట్టుట.

ఉదయం నమాజు నుండి గాని, గుడి నుండి గాని తిరిగి వచ్చిన పిదప: దాల్చా పొయ్యిమీద పెట్టుట, పెసరపప్పు నానబెట్టుట, ఊరుబిండి, పుదీనా చట్నీ నూరుట.

భోజనానికి అరగంట ముందు: ఉల్లిపాయ, దోసకాయ తరుగుట, పచ్చిపులుసు కలుపుట.

అందరూ కూర్చునేటప్పుడు: పెరుగు చట్నీకి, కోసంబరికి ఉప్పు వేసి కలుపుట.

ఈ పట్టికలో వంకాయ కూర తప్ప తక్కినవన్నీ పదహారేళ్ల పిల్లవాడు గాని, పిల్ల గాని చేయగలిగినవే. పిల్లవాడు అన్న మాటను మేము కావాలనే ముందు వ్రాశాము. మా విచారణలో ఆడపిల్లలు దాదాపు అందరూ ఎంతో కొంత సాయం చేస్తూనే ఉన్నారు.

పాటించవలసిన జాగ్రత్తలు

సులభము అంటే నిర్లక్ష్యము అని అర్థం కాదు. పొయ్యి ఎక్కని పదార్థాలకు శుభ్రత మరింత అవసరం. ఎందుకంటే వాటిలోని దోషాన్ని పోగొట్టుటకు నిప్పు లేదు. ఆకుకూరలు, దోసకాయలు త్రాగేనీటితోనే కడగవలెను. మాంసం కోసిన కత్తిని, పీటను సబ్బుతో కడగకుండా పచ్చికూరలు తరగరాదు. బక్రీదునాడు ఇది మరీ ముఖ్యం. మార్చి మొదలు జూన్ వరకు మన ఎండలు తెలిసినవే. పెరుగు చట్నీ, కొబ్బరి కలిసిన పదార్థాలు కలిపిన రెండు గంటలలోపల తినివేయవలెను. మిగిలినదానిని రాత్రికి దాచవలెనన్న ఆశ వలదు. అందుకే మేము పైన కొలతలు వ్రాశాము. అతిథులు ఇరవైమంది అయితే రెండింతలు చేసుకోవచ్చును. ఆదరువుల సంఖ్య మాత్రం మూడు, నాలుగు మించనక్కరలేదు. ఒక పులుపు, ఒక కారం, ఒక చల్లదనం ఉంటే విస్తరి నిండినట్లే.

ముగింపు

ఈ క్రమాన్ని మేము ఊరక కాగితంమీద వ్రాసుకొని ఊరుకోలేదు. మూడున్నర గంటలకు భోజనం చేసిన అమ్మీ సంగతి మొదట చెప్పాము గదా. తరువాతి పండుగకు ఆ ఇంట ఆదరువులు నాలుగూ పిల్లలే చేశారు. పెరుగు చట్నీలో ఉల్లిపాయలు లావుగా తరిగారు. ఊరుబిండిలో కారం మించింది. పెద్దలు నవ్వుకుంటూనే తిన్నారు. ఒంటిగంటన్నరకు దస్తర్‌ఖాన్ పరచినప్పుడు అమ్మీ కూడా అందరితోపాటు కూర్చున్నది. రెండు మూడుసార్లు అలవాటు కొద్దీ లేవబోయింది. ఏమి కావాలన్నా తెచ్చుటకు ఎవరో ఒకరు అప్పటికే లేచి ఉండుటవలన మళ్లీ కూర్చున్నది. ఆ ఇంట వేడి బిర్యానీ వేడిగానే తినడం తనకు ఎన్నేండ్ల తర్వాతనో అని ఆమె అన్నదట. ఆ మాట విన్న మా మిత్రుడు దానిని మాకు చెప్పేటప్పుడు కొంతసేపు ఆగవలసివచ్చింది.

విద్యార్థి మిత్రులారా! ఈసారి మీ ఇంట ఏ పండుగ వచ్చినా, ముందురోజు రాత్రి పాలు తోడు పెట్టే పనితో మొదలుపెట్టండి. పెద్ద వంట నేర్చుకొనుటకు కాలం పడుతుంది. ఉల్లిపాయ తరుగుటకు ఒక్క పూట చాలు. వండిపెట్టేవారికి మనం ఆదరువు అయిననాడే ఆ మాటకు ఉన్న రెండు అర్థాలూ మన ఇంట నిలుస్తాయి.